ఏం కూర అని అడిగే ఫోను

తిరుమలగిరిలో పత్తి ఏరే ఆడవాళ్ళకు సారమ్మ పెద్ద ధైర్యం. కాంటా దగ్గర ఆమె నిలబడితే తూకం వేసేవాడి చెయ్యి వంకర పోదు. ముప్పై ఏళ్ళు ఆ ముల్లు మీద కన్నేసి బతికిన మనిషి, లోకాన్నీ అట్లాగే చూసేది. ఊరికే నవ్వేవాణ్ణి నమ్మదు. ఊరికే పెట్టేవాణ్ణి అసలే నమ్మదు.

అలాంటి ఇంటికి ఒక ఫోను తగులుకుంది. కాన్పు తర్వాత కోడలు వనితకు మనసు చెదిరితే సూర్యాపేట దవాఖానలో చూపించారు, తేరుకుంది. కొడుకు జాన్ వడ్ల లారీ మీద మిర్యాలగూడ మిల్లులకు తిరుగుతూ వారానికోసారి ఇల్లు చేరతాడు. దవాఖాన వరండాలో పరిచయమైన మంజుల అనే కోదాడ మనిషి రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోను చేసి "ఏం కూర?" అని అడుగుతుంది. వనిత చెప్పి పెట్టేస్తుంది. అంతే.

"కోదాడల ఉన్నదానికి మన కూరతోని ఏం పని?" అంది సారమ్మ ఒకనాడు.

"ఆమె గూడ నా లెక్కనే బీమారయి మంచిగైంది అత్తమ్మా. గట్లాంటోళ్ళం పదిమందిమి ఉన్నం, ఒకలనొకలం అర్సుకుంటం. పొయ్యి ముట్టియ్యబుద్ధి గాని నాడు మనిషి బాగ లేనట్టు. గా దినం ఎవలో ఒకలు ఇంటికొస్తరు."

"జీతమెవడిస్తడు?"

"ఎవ్వలియ్యరు."

దాంతో సారమ్మ అనుమానం గట్టిపడింది. జీతం లేని చాకిరీ ఎవరు చేస్తారు? మందులమ్మే ముఠా అయ్యుంటుంది. కాకపోతే ఆ ఆడగొంతు వెనక ఎవడో మగాడుంటాడు. ఒకరోజు ఫోనుకు చెవి ఆనించి విన్నది. వంకాయ తప్ప ఏమీ వినపడలేదు, అదీ ఆమెకు అనుమానమే.

ముసురు పట్టిన వారంలో వనిత మళ్ళీ మంచం పట్టింది. పొయ్యి ముట్టించలేదు, తల దువ్వలేదు, చంటిది ఏడ్చినా ఎత్తుకోలేదు. ఎనిమిదింటికి మోగిన ఫోను సారమ్మే ఎత్తింది. ఎవరో వచ్చి వాకిట్లో నిలబడితే వాడంతా గుప్పుమంటుంది. ఇంటిగుట్టు లంకకు చేటు.

"వనిత కలుపు తియ్య చెల్కకు పోయింది. పప్పుచారు చేసింది," అంది. మర్నాడు చిక్కుడుకాయ అంది. మూడోనాడు అవతలామె నోరు తెరవకముందే "కోడికూర" అని పెట్టేసింది.

నాలుగోనాడు ఫోను రాలేదు. పీడ వదిలిందనుకుంది సారమ్మ. పదకొండింటికి సూర్యాపేట బస్సు దిగిన ఒక నడివయసు మనిషి వాకిట్లోకి వచ్చింది.

"నేను మంజులను పెద్దమ్మా. వనిత గొంతు విని మూడు రోజులైంది."

"పండుకున్నది. నువ్వు పో."

మంజుల కదల్లేదు. "మా అత్త కూడా ఇట్టాగే చెప్పేది, అడిగినోళ్ళందరికీ. బానే ఉంది, వంట చేస్తందని. పరువు కోసం. ఒకరోజు ఇల్లు దాటి ఎటో పోయా. మూడు నెలలకి దొరికా. అప్పటికి నా బిడ్డ నన్ను మర్చిపోయింది. ఇప్పటికీ మా అత్తనే అమ్మా అంటది."

సారమ్మ ఆ ముఖాన్ని ఎంత వెతికినా మోసం దొరకలేదు. అయినా మనసు ఒప్పలేదు. మంజులను లోపలికి పోనిచ్చి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని తలుపు పక్కన చెవి రిక్కించి కూర్చుంది. ఇగ నా మీద చాడీలు మొదలైతయి అనుకుంది.

మంజుల మంచం పక్కన నేల మీద కూర్చుంది గాని ఏమీ అడగలేదు. ఎప్పటికో వనిత గొంతు పెగిలింది.

"మా అత్తమ్మను ఏమనకు అక్కా. నేను యాడ మళ్ళ ఖరాబైతనో అని ఆమెకు భయం. గా భయంతోనే అబద్ధమాడింది."

కాంటా దగ్గర ఊరందరి తరఫునా సారమ్మే అరిచింది గాని, తన తరఫున ఒక్కరు మాట్లాడగా ఇన్నేళ్ళలో వినలేదు. చంటిదాన్ని ఎత్తుకుని లోపలికి పోయింది.

"నా కోడలు అన్నం ముట్టక నాలుగు దినాలాయె బిడ్డా," అంది మంజులతో. "నాకేం జెయ్యాల్నో తెలుస్తలేదు."