మూడో గీత దగ్గరి కొలత

పాశమైలారంలో కంపెనీ బస్సు దిగగానే ఘాటైన రసాయనాల వాసన ముక్కుకు తగులుతుంది. ఎనిమిదేళ్లుగా అందులోనే ఉద్యోగం చేస్తున్నా, వానాకాలం ఉదయాల్లో మాత్రం ఆ వాసన నన్ను పటాన్‌చెరులోని మా బడికి తీసుకుపోతుంది. ఆ వాసన రాగానే తరగతి కిటికీలు మూయించి, ఆ ఉక్కపోతలోనే రూతు టీచర్ మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు.

మా బడికి ప్రయోగశాల లేదు. ఆమె ఒక పొడవాటి అల్యూమినియం పట్టీ తెచ్చి, ఒక కొన కింద ఇటుక పెట్టి, పైనుంచి ఉక్కు గోళీని వదిలారు. ఇరవై, ఎనభై, నూట ఎనభై సెంటీమీటర్ల దగ్గర మూడు గీతలు. గోళీ వాటిని ఒకటి, రెండు, మూడు సెకన్లకు దాటితే దాని వేగం ఒకే తీరుగా పెరుగుతున్నట్టు. మూడో గీత దగ్గర నాకు మూడుంబావు వచ్చింది. భయపడి మూడు అని రాశాను.

టీచర్ నా నోటుబుక్కు చూశారు. "నువ్వు సూసింది రాసినవా, రావాల్సింది రాసినవా?"

"అందరికీ మూడే వచ్చింది టీచర్."

"అందరి సంగతి నేనడగలే బిడ్డా. నీకెంతొచ్చింది?"

చెప్పాను. ఆమె పట్టీ మీద వేలు జరిపి చూశారు. మూడో గీతకు ముందు చిన్న సొట్ట ఉంది. గోళీ అక్కడ తడబడుతోంది. అంటే తరగతిలో ఎవరూ చూసింది రాయలేదు.

బడి వదిలాక నన్ను ఆపి తన భర్త సంగతి చెప్పారు. ఆయన ఒక కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ వేడిని గంటగంటకూ చూసి రాసే ఆపరేటర్. "మనుషులు తక్కువ, పని జాస్తి. దినమంతటి అంకెలు పొద్దుగాలనే రాసిపెట్టమన్నరు. మా ఆయన రాసిండు."

ఒక మధ్యాహ్నం రియాక్టర్ పేలింది. విచారణలో ఆ కాగితమే చూపించి తప్పు ఆయన మీదే వేశారు.

"ఆయన పానం పోయింది రెండింటికి. కాగితంల సాయంత్రం ఆరు దాక ఆయన రాతనే ఉన్నది," అన్నారు టీచర్. ఆమె ఏడవలేదు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, తనిఖీ ఉందని, నేను రాసే కొలతల రికార్డులో ఖాళీ గడులు నింపమని మా సూపర్‌వైజర్ తొందరపెట్టాడు. "జల్దీ నింపు మేడం, ఎవరు సూస్తరు?" నేను చూడని ఆరు అంకెలు రాశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టింది. టీచర్‌తో చెప్పుకోవాలని ఆదివారం వాళ్లింటికి వెళితే, ఆమె పోయి అప్పటికే నెల దాటిందని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆ తర్వాత చూడని అంకె రాయలేదు. గడి ఖాళీగా వదిలి తిట్లు తింటాను. ఆ ఆరు అంకెలు మాత్రం ఏదో ఫైలులో, నా సంతకం కింద, నిజాల్లాగే ఉన్నాయి.