నేను తాగింది చెరువు నీళ్లే

ఆ రోజు పొద్దున కాఫీ వాసన నాకు పడలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి మా ఆవిడ రాజ్యం చేతి కాఫీ తాగకుండా నేను గడప దాటిన రోజు లేదు. అలాంటిది గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే మొహం తిప్పుకున్నాను. పెరట్లో పారబోశాను. కుడివైపు డొక్క కింద ఏదో బరువు, ఒళ్లంతా నొప్పులు. ఎండలు ముదిరిన రోజులు కదా, ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. అదీ కాసేపటికి బయటికొచ్చేసింది.

మాది కంకిపాడు అవతల కాలవ చివరి ఊరు. వేసవిలో కాలవలు కట్టేస్తారు. ఆ లోపే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా ఆ నీళ్లతోనే ఊరు గడవాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో ప్లాంటు నీళ్ల టిన్నులు కొంటున్నారు. మా ఇంట్లోనూ వంటకీ తాగడానికీ టిన్నే. నేనొక్కణ్నే చెరువు నీళ్ల మనిషిని. టిన్ను నీళ్లు ఎన్ని తాగినా గొంతు తడవదని నా వాదన. బిందె తెచ్చుకుని, పటిక తిప్పి, బట్టలో వడగట్టి కుండలో పోసుకునేవాణ్ని. పొలానికీ అవే పట్టుకెళ్లి చెంబులకు చెంబులు తాగేవాణ్ని. కాఫీ, చెరువు నీళ్లు తప్ప మూడో పానీయం ఎరగనని నలుగురిలో గొప్పలు కూడా పోయేవాణ్ని.

ఆ ఏడు చెరువు పచ్చబడింది. మొదట ఒడ్డున, తర్వాత మధ్యదాకా పాల మీద మీగడలాగా పచ్చటి తెట్టు కట్టింది. గాలికి ఒక మూలకు చేరి కంపు కొట్టేది. మా వైపు అలాంటిది చూసి ఎవరూ బెదరరు. చుట్టూ చేపల చెరువులే. నీళ్లు పచ్చబడాలని కోళ్లపెంట తెచ్చి మరీ పోస్తారు, పచ్చబడితే చేపకు మేత దొరికినట్టే. పచ్చ నీళ్లంటే బలమైన నీళ్లనుకోవడానికి మా కళ్లు అలవాటుపడిపోయాయి. నేనూ తెట్టు పక్కకు తోసి బిందె ముంచాను.

వాంతులు ఆగకపోయేసరికి కంకిపాడులో చూపించుకున్నాను. బ్లడ్ టెస్టులో లివర్ సంగతి చెప్పే ఎస్‌జీపీటీ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. కామెర్లకు గుర్తైన బిలిరుబిన్ కూడా పెరిగింది. హెపటైటిస్ టెస్టులన్నీ నెగటివ్. డాక్టరు గారు మందు అలవాటుందా అని అడిగారు. లేదండీ అన్నాను. ఆయన నా జవాబు విని, నన్ను వదిలి రాజ్యం వైపు చూశారు. ఆమె తల దించుకుంది.

ఆమె తల ఎందుకు దించుకుందో చెప్పాలి. రాజ్యం తండ్రి తాగి తాగి లివర్ పాడై చనిపోయాడు. అప్పటికి ఈమె ఇంకా బళ్లో చదువుకుంటోంది. కళ్లు పచ్చబడ్డాక కూడా ఆయన తను మందు ముట్టడం లేదనే అన్నాడట. అందుకే పెళ్లిచూపుల్లో నన్ను ఒక్కటే ప్రశ్న అడిగింది, తాగుతారా అని. లేదన్నాను. మా కాపురం ఆ ఒక్క మాట మీద కట్టుకున్నది.

విజయవాడ గవర్నర్‌పేటలో మా చెల్లెలుంది. మంచి ఆసుపత్రి దగ్గర ఉంటుందని వాళ్లింట్లో రెండు వారాలున్నాను. అక్కడ టిన్ను నీళ్లే గతి. తిట్టుకుంటూ తాగాను. సెలైన్లు, విటమిన్ బిళ్లలు, చప్పిడి తిండి. లివర్ ఎంజైమ్స్ దిగాయి, ఆకలి వేసింది. గండం గడిచిందనుకుని ఇంటికొచ్చాం. నీళ్లు బాగా మరిగించి తాగమన్నారు. రాజ్యం నా చెరువు నీళ్లను సగానికి మరిగేదాకా పొయ్యి మీద ఉంచి, చల్లార్చి ఇచ్చేది. వారం తిరక్కుండానే మళ్లీ వాంతులు పట్టుకున్నాయి. ఎస్‌జీపీటీ మొదటికొచ్చింది.

రాజ్యం తమ్ముడు శ్రీనుకి విజయవాడలో హోల్‌సేల్ కొట్టుంది. అన్నీ లెక్క కట్టే మనిషి. పట్నంలో చెల్లెలి కళ్లముందు ఉంటే బావకు తగ్గుతోంది, ఊళ్లో అడుగుపెడితే పెరుగుతోంది, ఇంకా అర్థం కాలేదా అక్కా అన్నాడట. లెక్క చక్కగా కుదిరింది. జబ్బు ఇంకొకరిదైతే నేనూ అదే మాట అందును. ఆ తర్వాత రాజ్యం గడ్డివాము చుట్టూ, మోటారు షెడ్డులో వెతకడం చూశాను. పొలం నుంచి రాగానే తువ్వాలు అందుకునే నెపంతో దగ్గరికొచ్చి ఊపిరి పీల్చేది. నాకు తెలియదనుకునేది. అన్నం సహించకపోవడం కంటే నన్ను అదే ఎక్కువ బాధపెట్టింది. తాగని వాడికి తాగుబోతు మర్యాదలన్నీ జరిగాయి.

ఓ సాయంత్రం ఉండబట్టలేక, నీ మీద ఒట్టు, నేను ముట్టలేదు అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"మా నాన్న కూడా మా అమ్మ మీద ఇట్టాగే ఒట్టేశాడండీ" అంది.

లేచి అరుగు మీద కూర్చున్నాను.

మళ్లీ విజయవాడ వెళ్లాం. ఈసారి లివర్ డాక్టరు గారు, ఆవిడ నిదానస్తురాలు. అల్ట్రాసౌండ్, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించారు. లివర్ వాచింది కానీ ఏళ్ల తరబడి తాగినవాళ్ల లివర్‌లా లేదన్నారు. ఏ బిళ్లలు మింగారు, ఎవరి పసరు తాగారు అని ఒక్కొక్కటీ అడిగి, చివరికి ఏ నీళ్లు తాగుతారన్నారు. నా కుండ సంగతి గర్వంగానే చెప్పాను. చెరువు ఏ రంగులో ఉందని అడిగారు. చెప్పాను. అవి పూర్తిగా మానేయమన్నారు. నాకు ఒళ్లు మండింది. ఊరు ఊరంతా తాగి పెరిగిన నీళ్లకు వంక పెట్టడమా!

తిరుగు బస్సులో రాజ్యం అంది: "మందూ కాదు, నీళ్లూ కాదంటే ఎట్టా అండీ? మీరన్నా అబద్ధమాడుతున్నారు, ఆ చెరువన్నా ఆడుతోంది."

నాలుగు రోజులు డాక్టరు మాట విన్నాను. ఈలోగా కంపు భరించలేక ఊళ్లో పెద్దలు కూర్చుని, ఎవరో చెప్పిన సలహా మీద చెరువులో పాచిని చంపే నీలం మైలతుత్తం వేయించారు. గోతాల్లో కట్టి తెప్ప వెనక లాక్కుంటూ చెరువంతా తిప్పారు. రెండు మూడు రోజుల్లో తెట్టు మాయమైంది. అడుగున బురద కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్లు. నా సంతోషం చెప్పనలవి కాదు. దోషమేమైనా ఉంటే అదీ పోయింది, చూడు అంటూ బిందె నింపుకుని వచ్చాను.

రాజ్యం ఆ బిందె దగ్గరికొచ్చింది. గ్లాసు ముంచి తను తాగింది. నువ్వెందుకని అడిగాను.

"ఇక నుంచి నేనూ ఇవే తాగుతా. మీకొచ్చింది నాకూ రావాలి. నాకు రాలేదా, ఏమనుకోవాలో నాకు తెలుసు."

తాగు, నీకే తెలుస్తుంది అన్నాను. నీళ్ల మీద అంత నమ్మకం నాకు. నీళ్లు మంచివని తేలితే నేను దొంగనవుతానన్న సంగతి కూడా ఆ ఊపులో తట్టలేదు.

రెండో రోజు ముందు పడిపోయింది ఆమే. వాంతులు, కడుపునొప్పి, విరేచనంలో రక్తం. సాయంత్రానికి నాకూ మొదలైంది. కారు మాట్లాడుకుని విజయవాడ చేరేసరికి ఆమె నిలబడలేకపోతోంది. టెస్టుల్లో నా అంకెలకంటే ఆమె అంకెలే పెద్దవి. ఇద్దరినీ ఒకే గదిలో ఉంచారు. నేను తాగుబోతును కానని రుజువైపోయింది. ఆ రుజువు పక్క మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటోంది. మర్నాడు ఆమె మగతగా పడి ఉంది, పిలిస్తే పలకడం లేదు. ఐఎన్ఆర్ పెరుగుతోందని, అంటే రక్తం గడ్డకట్టడం తగ్గుతోందని, రేపటిదాకా ఏ మాటా చెప్పలేనని డాక్టరు గారన్నారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నన్ను జన్మంతా తాగుబోతనే అనుకున్నా ఫర్వాలేదు, బతికితే చాలనిపించింది. శ్రీను వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

మూడో రోజుకు కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. ఏ నీళ్లు అని నేనడిగితే నర్సు నన్ను వింతగా చూసింది.

శ్రీను తెచ్చిన చెరువు నీళ్లను డాక్టరు గారు మైక్రోస్కోపు కింద చూపించారు, చచ్చిన పాచి ముక్కలు కనిపించాయి. "ఖాయంగా ఇదేనని నేను రాయలేనండీ, ఆ విషాన్ని కొలిచే టెస్టు చేయించడం కష్టం. కానీ ఈసారి మీ ఇద్దరికీ కొత్తగా కలిసింది ఆ నీళ్లొక్కటే" అన్నారు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పచ్చ తెట్టు కట్టే పాచిలో లివర్‌ను దెబ్బతీసే రకాలున్నాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఆ విషం పోదు. మైలతుత్తంతో పాచి ఒక్కసారిగా చచ్చి, లోపలున్న విషమంతా నీళ్లలో కలిసింది. అందుకే పచ్చ నీళ్లకంటే తేట నీళ్లు మమ్మల్ని ఎక్కువ దెబ్బకొట్టాయి. అసలు పాచి ఎందుకంత పెరిగిందని అడిగాను. ఎరువు పొలంలో ఏం చేస్తుందో చెరువులోనూ అదే చేస్తుంది కదండీ అన్నారు. చేపల చెరువుల్లో మార్చి వదిలిన పాత నీళ్లు, మా పొలాల యూరియా, ఇళ్ల మురుగు అన్నీ కాలవ చివరికి చేరతాయి. కాలవ కట్టేసే ముందు హడావిడిగా ఆ నీళ్లనే చెరువులోకి ఎత్తి పోసుకున్నాం. పైన ఎండ, కింద కదలని నీళ్లు, ఏళ్లుగా తీయని పూడిక. ఆ వేసవి ఊళ్లో నాలాగే చెరువు నీళ్లు వదలని ముసలివాళ్లు కొందరు వాంతులతో మంచమెక్కితే అందరం ఎండదెబ్బే అన్నాం.

ఇప్పుడు ఇద్దరం బాగానే ఉన్నాం. నా ఎంజైమ్స్ నార్మల్. రాజ్యానికి నీరసం ఇంకా పూర్తిగా పోలేదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. కుండ అటకెక్కించాను. చెరువు పూడిక కొంత తీశారు, చేపల చెరువుల నీళ్లు మాత్రం ఇంకా అదే కాలవలోకి వస్తున్నాయి. ఈ వేసవికి మళ్లీ పచ్చబడుతుందేమోనని గట్టు మీదుగా వెళ్లినప్పుడల్లా భయంగా తొంగిచూస్తాను. చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చెరువు పచ్చ తెట్టు కడితే వడగట్టకండి, మరిగించి ధైర్యపడకండి, మందు కొట్టి తేటపరిచినా నమ్మకండి. ఆ నీళ్లు మానేసి వేరే నీళ్లు తెచ్చుకోండి, డాక్టరు దగ్గరికెళ్తే అడక్కపోయినా ఏ నీళ్లు తాగుతున్నారో చెప్పండి.

రాజ్యం నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. మొన్న కంకిపాడులో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాం. బంతిలో నా ఎదురుగా కూర్చున్న రాజ్యం బాబాయి, ఏం అల్లుడు గారూ, ఇప్పుడు మానేశారా అని కన్నుగీటాడు. నేను విస్తరి దగ్గరికి లాక్కున్నాను. రాజ్యం పప్పు వడ్డిస్తూ వస్తోంది. ఆగింది.

"ఆయన తాగింది నీళ్లే బాబాయ్" అంది, వరస మొత్తానికి వినపడేలా. "నేనూ తాగాను."