సలోమి పిన్ని, పత్తి చేలో ఏడుగురు

నిన్న పొద్దున పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, బాబాయ్ ఫోన్.

"బుజ్జీ, మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా. నిద్దట్లోనే."

 స్టవ్ ఆపేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి ఏడుపు వచ్చింది. దాంతోపాటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, గుండెల మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది.

నిద్రలో. నొప్పి లేకుండా.

ఏడాదిగా మేం ప్రార్థనలో అడుగుతున్నది అదొక్కటే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. సలోమి పిన్ని మా అమ్మ చెల్లెలు. వినుకొండ దగ్గర పల్లెలో, కూలికి వెళ్ళే ఇంట్లో పుట్టింది. గవర్నమెంట్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైర్ అయింది.

కేన్సర్ ఎముకల్లోకి పాకిందని తెలిసిన వారమే నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు.

"నీ దగ్గర స్కానర్, ప్రింటర్ ఉన్నాయిగా? నాకో పని చేసిపెట్టాలే," అంది.

ఆ పని ఒక బొమ్మ. పద్దెనిమిదేళ్ళ వయసులో పిన్ని వేసిన వాటర్ కలర్. పత్తి చేలో మధ్యాహ్నం పూట అన్నాలు తింటున్న ఏడుగురు ఆడవాళ్ళు. అందరూ మా పేటవాళ్ళే. ఒకరు మా అమ్మమ్మ.

ఆ ఏడుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్ళకు సరైన ఫోటోలు కూడా లేవు. ఏడిళ్ళవాళ్ళూ ఆ బొమ్మ కావాలని ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఉన్నదేమో ఒక్కటే కాయితం.

"నేను పోయేలోపు ఎవరి అమ్మని వాళ్ళింటికి పంపాలి," అంది.

రెండు రోజుల పనే కదా అనుకున్నాను. రెండు నెలలు పట్టింది.

ప్రతి శనివారం సామానంతా కారులో వేసుకుని గుంటూరు నుంచి పిన్ని ఇంటికి వెళ్ళేదాన్ని. కాయితం నా స్కానర్‌కి రెండింతలు. పైగా నడిమికి మడత. రెండు భాగాలుగా స్కాన్ చేసి కంప్యూటర్‌లో కలిపితే, అతుకు సరిగ్గా అమ్మమ్మ మొహం మీద పడింది. చెవి నుంచి నోటి దాకా గీత.

"మా అమ్మని కోసేశావేంటే!" అంది పిన్ని.

మళ్ళీ మొదలు. వారం రోజులు లావు పుస్తకాల కింద పెట్టి మడత అణిచాం. స్కానర్ అద్దం మీద దుమ్ము తుడిచాం. కాయితం వెనక వైపున్న పెన్సిల్ గీతలు ఇటు కనబడకుండా నల్ల చార్టు అడ్డం పెట్టాం. ఈసారి అతుకుని మనుషుల మీద పడనివ్వకుండా పత్తి మొక్కల మధ్య నుంచి తిప్పాను. ఎక్కడ కలిపానో నాకే కనబడలేదు.

అసలు కష్టం ప్రింట్ దగ్గర వచ్చింది.

కాయితం పాతబడి పసుపెక్కింది కదా అని, రంగుల్ని దానంతటదే సరిచేసే ఆటో కరెక్షన్ నొక్కాను. బొమ్మంతా తళతళలాడిపోయింది. సంబరపడి మంచి మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీసి పిన్ని చేతిలో పెట్టాను.

చాలాసేపు చూసింది.

"వీళ్ళెవరే?"

"అదేంటి పిన్నీ, మనవాళ్ళే."

"మనవాళ్ళు ఇంత తెల్లగా ఎప్పుడున్నారే? పొద్దస్తమానం ఎండలో వంగి పత్తి తీసినోళ్ళు. కోటమ్మ వదిన నలుపు రావడానికి మూడు రోజులు రంగు కలిపా నేను. నీ మెషినేమో ఒక్క నొక్కుతో అందరికీ పౌడర్ పూసింది. తీసెయ్!"

అంత నీరసంలోనూ క్లాసులో టీచర్ గొంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆటో కరెక్షన్ తీసేశాను. కాయితం పసుపు మాత్రమే తగ్గించి, మొహాల రంగు ముట్టుకోలేదు. ఇప్పుడు స్క్రీన్ మీద బాగున్నది ప్రింట్‌లో చీకటిగా వచ్చింది. నా స్క్రీన్ వెలుగే మరీ ఎక్కువని అర్థమవడానికి ఒక పూట పట్టింది. అది తగ్గించుకుని, మొహాలున్న చోటు మాత్రం చిన్న చిన్న ముక్కలుగా ప్రింట్ తీయడం మొదలుపెట్టాను. ఇంకు ఆరాక పిన్ని కిటికీ దగ్గర, పగటి వెలుగులో, వాటిని అసలు బొమ్మ పక్కన పెట్టి చూసేది.

"ఎరుపెక్కువైంది."

"ఇది బూడిద."

"ఇంకాస్తే."

నొప్పిగా ఉందా అని అడిగితే, "ఉండవే, చూడనీ" అనేది. మాత్రల టైం కూడా మర్చిపోయేది.

పదకొండో ముక్కని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. ఆ చెంపని వేలితో తడిమింది.

"వచ్చిందే కోటమ్మ," అంది.

ఏడు ప్రింట్లు తీశాం. బాబాయ్ ఫ్రేములు కట్టించాడు. ఒకటి మా అమ్మకి. ఐదిళ్ళకి పిన్నే ఆటోలో వెళ్ళి ఇచ్చొచ్చింది. ఏడోది కోటమ్మ కూతురు నాగమణిది. తుళ్లూరు వైపు బిల్డింగ్ పనుల్లో ఉండటంతో, గత ఆదివారం గానీ రాలేకపోయింది. అప్పటికి పిన్ని మంచం దిగడం లేదు.

నాగమణి ఫ్రేమ్ ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు చూసిందో.

"మా అమ్మ కొంగులో ఈ ముడేంటత్తా?"

"రేగ్గాయలే. ఆ రోజు నువ్వు జొరంతో ఇంట్లో ఉన్నావు. మేమందరం తింటుంటే నీకని ఏరి కట్టుకుంది."

నాగమణి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "పుల్లగా ఉన్నాయని అన్నీ విసిరికొట్టానత్తా!"

పిన్ని నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. అంత నవ్వు చూసి ఎన్ని నెలలైందో.

నాగమణి వెళ్ళాక పిన్ని నన్ను అడిగింది.

"ఇంకెవరూ మిగల్లేదుగా?"

"లేదు పిన్నీ. అందరికీ ఇచ్చేశాం."

"హమ్మయ్య. కాస్త పెరుగన్నం కలిపి పెట్టవే, ఆకలేస్తోంది."

ఎన్ని వారాలుగానో ఆ మాట అనలేదు. గిన్నెలో పెట్టిందంతా తినేసింది.

నిన్న సాయంత్రం సమాధి చేసి వచ్చాం. ఏడిళ్ళవాళ్ళూ వచ్చారు.

పిన్నీ, నీ పని అయింది. నీ నొప్పీ పోయింది. ప్రభువు దగ్గర కంటినిండా నిద్రపో.