అవ్వ వేసిన ఇంటి లెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ప్రాణం పోవాలన్నా ఓనరమ్మ ఒప్పుకోవాలి. తిరుపతిలో రెండు గదుల బాడుగ ఇల్లు మాది. నాయన ఇత్తడి సామాన్ల అంగడిలో గుమాస్తా. ఇంట్లో నాయన, అమ్మ, తమ్ముడు, నేను, నాయనను కన్న మా అవ్వ. నాకు పదేళ్లు నిండిన ఏడాది అవ్వ కాళ్లకు నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడేది కాదు. గుండె చెడిందని, ఎక్కువ రోజులు లేవని డాక్టరు నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. తలుపు ఇవతల బల్ల మీద కూర్చున్న అవ్వ కూడా ఆ మాట విన్నది.

వారం తిరక్కుండా ఓనరమ్మ మా గడపలో నిలబడింది. చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలని మా వైపు నమ్మకం. ఆమె చెడ్డ మనిషి కాదు. భర్త లేడు, మేమిచ్చే బాడుగతోనే ఆమె పొయ్యి వెలిగేది.

"ఏమనుకోవద్దన్నా" అంది నాయనతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇల్లు మూతపడితే నాకు కూడు యాడిది? పెద్దామెను యాడికన్నా తీసకపో."

తీసుకుపోవడానికి మా సొంత ఊరిలో ఇల్లంటూ ఏమీ మిగల్లేదు. ఆ ఆదివారమే నాయన వడమాలపేటలో తలుపులు కూడా బిగించని ఒక ఇల్లు, కొనడానికని చూసి వచ్చాడు. అమ్మ గాజులు కుదువపెట్టి అడ్వాన్సు ఇవ్వాలి. మిగతాదంతా వడ్డీకి తేవాలి.

"బాడుగ కట్టిన దుడ్లు పోయినట్టే గదమ్మా" అన్నాడు అన్నం ముందు కూర్చుని. "ఇల్లయితే మనదని మిగుల్తాది. ముందు ముందు ధర పెరుగుతాది. లేసిపొమ్మనేవాళ్లు ఎవురూ ఉండరు."

"వడ్డీ మాత్రం తిరిగొస్తాదా?" అంది అవ్వ. "ఇంటికి కట్టేది బాడుగ, దుడ్డుకు కట్టేది వడ్డీ. అదీ బాడుగే గదరా. దానికి తోడు వాన కారినా, గోడ పగిలినా మన సేతి కర్సే."

అవ్వకు చదువు రాదు. కానీ శనివారం శనివారం భజన మందిరంలో పురాణం విని ఒక్క ముక్క మరిచేది కాదు. పాము తనకోసం ఇల్లు కట్టుకోదని, ఉన్న పుట్టలో తలదాచుకుంటుందని, అందుకే ఒక అవధూత పామును గురువుగా ఎంచుకున్నాడని ఆ రోజు నాయనకు చెప్పింది.

"ఆ పాముకు ఓనరమ్మ లేదులేమ్మా" అన్నాడు నాయన. అవ్వ నవ్వింది. నవ్వు దగ్గుగా మారి చాలాసేపు తెరిపి ఇవ్వలేదు.

మర్నాడు అవ్వ నా చేత చింతగింజలు తెప్పించింది. నాయన జీతం ఇరవై గింజలనుకోమంది. బాడుగ నాలుగు, పక్కకు జరిపింది. మళ్లీ అన్నీ కలిపి, ఈసారి ఇల్లు కొన్నట్టు లెక్క వేసింది. వడ్డీకి తొమ్మిది, అసలుకు ఐదు. మిగిలిన ఆరు గింజలు నా ముందుకు తోసింది.

"ఈ ఆరుతో నలుగురు తినల్ల, బట్టలు కట్టల్ల, బడికి పోవల్ల. అట్ల ఇరవై ఏండ్లు."

"మనం ఐదుగురం గదవ్వా" అన్నాను.

ఆమె గింజలు కొంగులోకి ఎత్తుకుంది.

నాయన శుక్రవారం సాయంత్రం అడ్వాన్సు ఇస్తానని అమ్మతో చెప్పాడు. ఆ శుక్రవారం పొద్దున ఆయన అంగడికి వెళ్లాక, తిరుచానూరు అమ్మవారిని చూసి రావాలని ఉందంది అవ్వ. ఒంట్లో కాస్త ఓపిక వచ్చిందనుకుని అమ్మ సంతోషించి నన్ను తోడు పంపింది. గుడిలో అవ్వ నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం అడిగినావవ్వా?"

"అడిగేదేముండాది? సెప్పి వచ్చినా."

తిరిగి వచ్చేటప్పుడు మా స్టాపులో దిగలేదు. పెద్దాసుపత్రి దగ్గర దిగింది. నర్సమ్మతో తానే మాట్లాడింది, తానే వేలిముద్ర వేసింది. మంచం మీద కూర్చుని నా చేతిలో బస్సు డబ్బులు పెట్టింది.

"అంగడికి పొయ్యి మీ నాయనకు సెప్పు. అవ్వ ఈడ సేరింది, ఇంక ఇంటికి రాదు. సాయంత్రం ఆ అడ్వాన్సు ఇయ్యొద్దు. నాలుగు దినాలు ఉండేదానికి మీ నెత్తిన అంత అప్పు వొద్దు. పో పాపా, బిరీన పో."

బస్సు కోసం ఆగకుండా పరిగెత్తాను. నాయన తక్కెడలో బిందె తూస్తున్నాడు. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన బిందె కింద పెట్టి, అక్కడే చతికిలబడ్డాడు.

"పొద్దన్నే ఇచ్చేసినాను పాపా."

సాయంత్రం వర్జ్యం ఉందని పంచాంగం చూసినవాళ్లు చెప్పారట. అందుకని అంగడి తెరవకముందే పోయి ఇచ్చేశాడు. అవ్వకు పంచాంగం చదవడం రాదు. నాయన ఆమెకు చెప్పలేదు.

ఆస్పత్రిలో నాయన ఎంత బతిమాలినా అవ్వ లేవలేదు. "దుడ్లు ఇయ్యలేదు గదా?" అని ఒక్కటే అడిగింది. "ఈలేదమ్మా" అన్నాడు నాయన. ఆ అబద్ధం విని ఆమె ముఖం తేటపడటం నేను మంచం పక్కన నిలబడి చూశాను. సోమవారం అవ్వ పోయింది. ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు. ఓనరమ్మ వీధి చివర నిలబడి ఏడ్చింది. ఇంటి మాట నాయన వదులుకున్నాడు. రాసుకున్న కాగితం ప్రకారం అడ్వాన్సు తిరిగి రాలేదు, అమ్మ గాజులూ రాలేదు. అయినా అప్పు చెయ్యడం కంటే ఆ నష్టమే తక్కువని అవ్వ లెక్కే చెప్పింది.

అవ్వ తర్వాత ఆ మందిరంలో యాభై ఏళ్లకు పైగా నేనూ కూర్చున్నాను. పురాణం విన్నాను, చదివి వినిపించాను. పాము కథలో తప్పు లేదు. గింజల లెక్కలోనూ తప్పు లేదు. అవ్వ మాకోసం, నాయన అవ్వకోసం, ఎవరి లెక్క వాళ్లు దాచిపెట్టుకుని చేశారు. దేవుడి ముందు గొంతులు కలిపి పాడే మేము ఇంట్లో చావు అనే మాట పైకి అనలేకపోయాం. భక్తి ఉండి కూడా భయపడ్డాం. దానికి స్వామి దగ్గర ఇప్పటికీ క్షమాపణ అడుగుతూనే ఉన్నాను.

మొన్న మా మనవడు బ్యాంకు లోనుతో ఫ్లాటు కొందామా, బాడుగలోనే ఉందామా అని గదిలో భార్యతో గుసగుసగా మాట్లాడుతుంటే, ఇద్దరినీ పిలిచి నా ఎదుట కూర్చోబెట్టాను. బాడుగ, వడ్డీ ఒకే వరుసలో రాయించాను. తర్వాత నా జబ్బు సంగతి, నేను ఎన్నాళ్లు ఉంటానని డాక్టరు అన్నాడో, ఎక్కడ పోయినా నాకు సమ్మతమేనన్న మాట, అన్నీ నా నోటితోనే చెప్పాను. మనవడు పెన్ను ఆపేసి తల వంచుకున్నాడు.

తలెత్తమన్నాను. నా చావు కూడా ఆ వరుసలోనే రాయమన్నాను.