పస్తు పెట్టిన కోడిపిల్ల

సమ్మయ్య గుంటలో పడిపోయాడని నాకు మొదట చెప్పింది ఆయన కూతురు లచ్చి. వాకిట్లో నిలబడి, ఏడవకుండా, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా చెప్పింది. ఆ రోజు నుంచీ ఒక బరువు మోస్తున్నాను. పూజకు కూర్చుంటే దేవుడికంటే ముందు అదే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మా ఆయన ఉన్నంతకాలం నేను నోరు విప్పలేదు. ఇప్పుడాయన లేరు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బస్తరు రాజ్యంలో, తర్లగూడకు ఎగువన, వాగు ఒడ్డున నల్లరాయి కనబడిందని దర్బారు ఒక దొరను పంపింది. అది మండే బొగ్గేనా, పొర ఎంత మందం, మోసుకుపోతే గిట్టుతుందా, ఇవి తేల్చాలి. మా ఆయన ఆ పనికి మేస్త్రీ. నన్నూ, జ్వరంతో ఉన్న బిడ్డనూ గోదావరి అవతల నుంచి వెంటబెట్టుకొచ్చారు. ఆ బిడ్డ బతికింది సమ్మయ్య కాచి ఇచ్చిన వేరు కషాయంతో. ఆయన ఆ ఊరి వడ్డె, అంటే దేవర పూజారి. ఆ మేలుకు ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను. పెట్టుకునే ఆ చేతులే ఏం చేశాయో వినండి.

కిందటేడు తవ్వి, వానలకు వదిలేసిన గుంట ఒకటి ఉంది. దాని పక్కనే, చనిపోయినవారి పేరున ఊరివాళ్ళు నిలిపిన రాళ్ళ వరుస. మళ్ళీ దిగాలంటే ఆ పాతవాళ్ళ సెలవు కావాలి. పని చేయించేవారి ఇంటి కోడిపిల్లను గుంట అంచున నిలబెట్టి, ముందు బియ్యం పోస్తారు. పొడిస్తే సెలవిచ్చినట్టు. సెలవడిగిన వడ్డె తానే ముందుగా దిగాలి.

మా గూటి పిల్లనే తీసుకెళ్ళాను. అది బియ్యం వంక చూడలేదు. మెడ చాచి, లోపలి నుంచి ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు, కదలకుండా నిలబడింది. ఆకు కదలలేదు. వాగు చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. సమ్మయ్య తల అడ్డంగా ఊపాడు. కూలీలు పలుగులు దించేసి వెళ్ళిపోయారు.

రేపూ ఇంతే అయితే కొలువు పోతుందన్నారు మా ఆయన. నన్నేమీ చెయ్యమనలేదు. నేనే ఆ పిల్లను బుట్ట కింద మూసి, మర్నాటిదాకా గింజ వెయ్యలేదు. దాని అరుపు వినలేక రామనామం గట్టిగా జపించాను. మోసమని అప్పుడు తెలుసా నాకు? కోడికి ఆకలైతే తింటుంది, అందులో పాపమేముంది అనుకున్నాను. అలా అనుకున్నదాన్ని బుట్ట మీద గుడ్డ ఎందుకు కప్పాను?

మర్నాడు అది టకటక పొడిచింది. అంతమందిలో ఆ చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. సమ్మయ్య నావైపు చూసి నవ్వాడు.

"ఏందమ్మా, నిన్న వద్దన్న పాతోళ్ళు ఇయ్యాల ఇంత తొందర పెడుతుండ్రు?"

"మనసు మారిందేమో తాతా."

"సచ్చినోళ్ళకు మనసేడ మారుద్ది తల్లీ! అది బతికున్నోళ్ళ రోగం" అని తలగుడ్డ బిగించి దిగాడు.

ఆగమంటే చాలు. నోరు తెరిచాను కూడా. మా ఆయన ముఖం చూసి మూసుకున్నాను. నిలబడలేక ఇంటికి వచ్చేశాను. కాసేపటికి లచ్చి వచ్చింది.

దిగినవాడు ప్రాణంతో పైకి రాలేదు. అడుగున ఊపిరాడనివ్వని చెడుగాలి నిలిచి ఉందట. దొర తర్వాత చెప్పాడు. కోడిపిల్ల ఆ గాలినే పసిగట్టిందో, పాతవాళ్ళ మాటే విన్నదో నాకు తెలియదు. ఏదైనా అది వద్దంది. నేను దానిచేత సరే అనిపించాను.

ఆ బొగ్గులో మంటకంటే బూడిదే ఎక్కువని, రైలు లేని చోటు నుంచి మొయ్యడం దండగని తేల్చి దొర గుడారాలు ఎత్తించాడు. ఊరు మాత్రం సమ్మయ్యనే తప్పుపట్టింది. పాతవాళ్ళ మాట తప్పుగా చెప్పి వాళ్ళ కోపానికి బలైపోయాడన్నారు. ఆయన రాయిని వరుసలో కాక వాగు అవతల ఒంటరిగా పాతారు. మేం ఆ ఊళ్ళోనే ఉండిపోయాం. లచ్చి ఏటా నాకు ఇప్పపువ్వు తెచ్చిచ్చేది. మా అయ్య తప్పుకు నీ పెనిమిటి దొరతోటి మాటలు పడ్డడు గదమ్మా, అందొకసారి. నేను పువ్వు తీసుకున్నాను.

చలికాలం పొద్దున్నే గుంట అంచున గడ్డి మీద మంచు ఉండదు. కింద ఎవరో పొయ్యి వెలిగించుకున్నట్టు ఆవిరి లేస్తుంది. వెళ్ళి నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. అదే ఎక్కువ భయం.

క్షమించమని అడగను. అడగడానికి లచ్చి కూడా లేదు. రాశాక కొంచెం తేలికగా ఉంది, అంతే. మీరు సమ్మయ్యను గుర్తుపెట్టుకోండి. పాతవాళ్ళు వద్దంటున్నారని ఆయన మొదటిరోజే సరిగ్గా చెప్పాడు.