సుపేలా సంఘం పంపిన మణిమాల

భిలాయ్‌లో సుపేలా అనే పేటలోని చిన్న తెలుగు చర్చిలో పాస్టరు దుర్గారావు అయ్యగారి ప్రసంగం సగం మందికే అర్థమవుతుంది. మిగతా సగం భిలాయ్‌లోనే పుట్టి హిందీలో పెరిగిన కుర్రకారు. అందుకని ఆయన తెలుగులో ఓ మాట చెప్పి ఆగుతాడు, పక్కన నిలబడ్డ మణిమాల దాన్ని హిందీలో అందుకుంటుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన అయ్యగారికి హిందీ రాదా అంటే, ఎందుకు రాదూ! ప్లాట్‌ఫారం మీద కేకలేసే హిందీ బోలెడుంది. దాంతో దేవుడి మాట చెప్పడానికే సిగ్గు.

మణిమాల నర్సు. సండే స్కూల్లో ఆ పిల్లకి బైబిలు కథలు చెప్పింది అయ్యగారే. అలాంటిది ఓ సాయంత్రం వచ్చి, "అయ్యగారూ, ఆఫ్రికాలో మలావీ అనే దేశం ఉందండి. అక్కడి మిషన్ ఆస్పత్రికి రమ్మంటున్నారు. రోగుల్ని చూసుకుంటూ సువార్త చెప్పాలి. నాకు వెళ్లాలనుంది" అనేసరికి ఆయనకి ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల పోతే కుర్రాళ్లకి వాక్యం ఎవరు చెప్తారు? రెండు నెలలు తిరక్కుండా సంఘం సగం ఖాళీ!

పిలిచింది రాయపూర్‌లోని మిషన్ సంస్థ మనిషి మనోజ్‌కుమార్, తెలుగొచ్చినవాడే. మర్నాడు మిఠాయి డబ్బాతో దిగాడు.

"ఏటి భయ్యా, నాను పెంచిన పిల్లని నన్నడక్కండా లాక్కుపోతారా?" అయ్యగారు కూర్చోమని కూడా అనలేదు.

"మాదే తప్పు అయ్యగారూ. అడిగితే వద్దంటారని భయపడ్డాం."

"వద్దనే అంటన్నాను. ఇంక ఎల్లు!"

అయ్యగారి భార్య సత్యవాణి టీ తెచ్చేసరికి పాపం అతను చెప్పులేసుకుంటున్నాడు. ఆవిడ మొగుడి వంక ఓ చూపు చూసి, ఆ టీ తనే తాగేసింది.

ప్రసంగం చివర అయ్యగారు ఏళ్ల తరబడి చేస్తున్న ప్రార్థన ఒకటుంది. ఆ ఆదివారం కూడా అలవాటు కొద్దీ అనేశాడు. "ప్రభువా, నీ మాట వినని దేశాలకు పనివాళ్లను పంపు." హిందీ కోసం ఆగాడు. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే మణిమాల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

ఏ మొహం పెట్టుకుని అడిగాడు దేవుణ్ణి? పనివాళ్లంటే ఎవరింటి పిల్లలో అనుకున్నాడా ఇన్నాళ్లూ? గొంతు సవరించుకుని, తన ప్లాట్‌ఫారం హిందీలో తనే అన్నాడు. "ప్రభు, మజ్‌దూర్ భేజ్. హమారే ఘర్ సే భేజ్." పనివాళ్లను పంపు, మా ఇంట్లోంచే పంపు అని.

సాయంత్రం ఆయనే మనోజ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు. "వీసా, ట్రైనింగు, అక్కడ పిల్ల బాగోగులు మీరు సూడండి. పంపేది మాత్రం మా సంఘం. రాయపూర్‌లో కాదు, ఇక్కడే, మా చేతుల మీదుగా. ఈసారి ఎవర్ని పిలవాలన్నా ముందు నా దగ్గరికి రండి, ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం."

"తప్పకుండా అయ్యగారూ. ఈసారి టీ తాగే వెళ్తాను."

మణిమాలని సాగనంపే ఆదివారం మనోజ్‌కుమార్ ముందు వరసలో కూర్చున్నాడు. అయ్యగారు ప్రసంగం హిందీలో మొదలెట్టాడు. కుర్రకారు ముసిముసిగా నవ్వుకుంటూనే చెవులు రిక్కించారు. వెనక కూర్చున్న ముసలమ్మలు మాత్రం "ఏటంటన్నాడర్రా?" అని గొణిగారు.

మణిమాల లేచి, అలవాటైన చోటికే వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"హమ్ మణిమాలా కో భేజ్ రహే హై" అని అయ్యగారు ఆగాడు.

"మనం మణిమాలని పంపుతున్నాం" అంది మణిమాల, ముసలమ్మల వైపు చూస్తూ.