వెనక్కి నడిచే పని

వీధిలో అందరూ ఆమెను నులకమ్మ అనేవారు. తాడు పేనేవాళ్లింట పుట్టి, తాడు పేనేవాణ్ణే కట్టుకుని, నోరు విప్పితే మాటను కూడా మెలిపెట్టే మనిషికి అంతకంటే తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఆ పని చూడనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ఒకరు కూర్చుని చక్రం తిప్పుతుంటారు. పేనే మనిషి నడుముకు నార చుట్టుకుని, దాని కొసను చక్రం కొక్కేనికి తగిలించి, కొద్దికొద్దిగా నార వదులుతూ వెనక్కి నడుస్తుంది. ఎంత వెనక్కి పోతే అంత తాడు. "వెనక్కి నడిచి ముందుకొచ్చిన వంశం మాది" అని నులకమ్మ గొప్పలు పోయేది.

అంత నోరున్న మనిషికీ ఒక దిగులుండేది. తల్లి ముఖం తెలియదు. తనకు నడక రాకముందే తల్లి జ్వరంతో పోయింది. ఫొటోలు తీయించుకునే స్తోమత ఎవరికుంది కనుక! పెంచిన పిన్నిని అడిగితే "నీలాగే ఉండేదే" అనేది. ఒకసారి దొరలు కదిలే బొమ్మలు తీసే పెట్టె తెచ్చి చక్రం పక్కన నిలబెట్టారని, ఆ రోజు "నువ్వు మీ అమ్మ వీపునే ఉన్నావు" అని కూడా చెప్పేది. చిన్నప్పుడు నులకమ్మ ఆ కథ అన్నం తిన్నంత ఇష్టంగా వినేది.

ఆమె తల ముగ్గుబుట్ట అయ్యాక, మనవరాలికి పాత సినిమా రీళ్లు శుభ్రం చేసే ఉద్యోగం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఆయాసపడుతూ వచ్చి, "అమ్మమ్మా, చెప్పులేసుకో, పద" అంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో కూర్చోబెట్టి మెషిన్ తిప్పింది.

మాటలేని బొమ్మ. ముందు ఏవో అక్షరాలు. తర్వాత వరసగా ఆడవాళ్లు నడిచి వస్తున్నారు. వాళ్లలో ఒక్కామె వీపునే పసిపిల్ల ఉంది. నవ్వుతూ దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. ముఖం తెరంతా నిండింది.

"అమ్మా!" అంది నులకమ్మ. మనవరాలి కంటే చిన్నదిగా ఉన్న ఆ తల్లిని చూసి వెక్కివెక్కి ఏడ్చింది. మళ్లీ వేయించుకుంది. కళ్లు తుడుచుకుని చూసేసరికి తాడు కనబడింది.

"ఇదేంటే? అడుగేసే కొద్దీ తాడు తరిగిపోతోంది!"

"అవును అమ్మమ్మా. వెనక్కి నడవడం చూసి, రీలే తిరగబడిందనుకున్నారు, దొరల ఊళ్లో ఈ రీలు ముక్కలు అతికించినవాళ్లు. సరిచేశామనుకుని తిప్పేశారు."

"ముందు వచ్చిన ఆ రాతలో ఏముంది?"

మనవరాలు కాసేపు నసిగి చదివింది. "'ఈ జాతివాళ్లు పేనిన తాడును తామే విప్పుకుంటారు. కాలం విలువ తెలియని పసివాళ్లు.'"

"వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది!"

"వచ్చే వారం దీన్ని జనానికి చూపిస్తున్నాం. సరిచేయనా, ఇలాగే ఉంచనా? నిన్నే అడుగుతున్నా. సరిచేస్తే మీ అమ్మ నీ దగ్గరికి రాదు. దూరంగా పోతుంది."

నులకమ్మ తెర వైపు తిరిగింది. ఇన్నాళ్లకు దొరికిన ముఖం. అది దగ్గరికి వస్తుంటే ఎంత హాయిగా ఉందో! కానీ వచ్చిన ప్రతిసారీ ఆ తల్లి పొద్దంతా పడిన కష్టం ఆమె చేతుల్లోనే మాయమైపోతోంది. జనం చూసి నవ్వుతారు.

"తిప్పి చూపించు" అంది చివరికి.

మనవరాలు మెషిన్ వెనక్కి తిప్పింది. పెద్ద ముఖం చిన్నదవుతూ వచ్చింది. ఆ చేతుల్లోంచి తాడు సాగింది, బిగువుగా, నున్నగా, ఎక్కడా ముడి లేకుండా. తల్లి తెర చివరికంటా వెళ్లిపోయింది.

మనవరాలు భయంగా అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇలాగే చూపించవే" అంది నులకమ్మ. "చూశావా, ఎంత దూరం పోయినా నా వైపే చూస్తూ పోయింది మా అమ్మ."